నది పాదాల దగ్గరి ఊళ్లు

చిరంజీవులు చిన్నీ, బాబీలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "ఆఫ్రికా వాళ్లంతా ఒకే భాష మాట్లాడతారా తాతయ్యా?" అని అడిగావు కదా చిన్నీ. ఒక్క నైజీరియాలోనే 500కు పైగా భాషలున్నాయమ్మా. 1980ల్లో అక్కడ ఓండో రాష్ట్రంలో నేను సైన్సు పాఠాలు చెప్పాను. ఒకసారి సెలవులకి నా శిష్యుడొకడు పట్టుబట్టి వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. ఆ ప్రాంతం పేరు ఎసె ఓడో. యోరుబా భాషలో 'ఎసె' అంటే పాదం, 'ఓడో' అంటే ఏరు. ఎంత చక్కని పేరో చూడండి! 1996లో దాన్ని విడి పాలనా ప్రాంతం చేశారు. ముఖ్యపట్టణం ఇగ్బెకెబో.

రోడ్డు రేవు దాకానే. అక్కణ్ణుంచి అన్నిటికీ పడవే. బడికి, సంతకి, చుట్టాలింటికి, ఆఖరికి పెళ్లికూతుర్ని తీసుకురావడానికి కూడా. దక్షిణాన ఉన్న సముద్రం పోటెత్తితే ఆ నీళ్లు కాలువల్లోకి ఎగదన్నుకొస్తాయి. అందుకే అక్కడ బయల్దేరే ముందు నీళ్ల వంక చూస్తారు. పోటుకి ఎదురు తెడ్డేస్తే చేతులు పడిపోతాయి.

సముద్రం వైపు మడ అడవులు. మన కోరంగిలో చూశారే, అలాంటివే. ఆ బురదలో గాలాడదు కాబట్టి చెట్టు వేళ్లు పైకి లేచి, గొడుగు ఊచల్లా వంగి, గాలి పీల్చుకుంటాయి. మంచినీళ్ల వైపుకి వస్తే రాఫియా అనే తాటిజాతి చెట్లు. వాటి ఆకులతో ఇళ్లకి కప్పు వేస్తారు, వాటినుంచే కల్లు తీస్తారు.

వాళ్ల వంటిల్లు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. కర్రపెండలం చెక్కు తీసి, మూడు నాలుగు రోజులు నీళ్లలో నానేస్తారు. అది మెత్తబడి పులిశాక పీచు తీసేసి, గోనెలో పోసి, పైన బరువు పెట్టి నీళ్లు పిండుతారు. ఉండలు కట్టి పొయ్యి మీద కట్టిన అటక మీద పేరుస్తారు. పొగకి ఉండల పైభాగం బొగ్గులా నల్లబడుతుంది. మా శిష్యుడి అమ్మమ్మ కత్తితో ఆ నలుపు గీకుతుంటే లోపల పాలలాంటి తెలుపు బయటపడింది. దాన్ని దంచి, జల్లించి, మరిగే నీళ్లలో కలియబెడితే మన సంకటిలాంటి ముద్ద. దాని పేరు పుపురు. చేపల పులుసుతో తిన్నాను. మొదటి ముద్దకి పొగవాసన వేసింది, మూడో ముద్దకి ఆ వాసనే బాగుందనిపించింది.

ఇక భాష సంగతి. అక్కడ అరోగ్బో వాళ్లు ఇజో జాతి, మాట్లాడేదీ ఇజో భాషే. ఆ పక్కనే అపోయి వాళ్లున్నారు. వాళ్ల పూర్వీకులూ ఇజోలే, కానీ తరాలుగా యోరుబాల మధ్య ఉండి, ఇప్పుడు యోరుబా యాసలో మాట్లాడతారు. నా శిష్యుడు అపోయి. మా పడవ నడిపినాయన అరోగ్బో. నీళ్లని ఒకరు 'ఓమి' అంటే ఇంకొకరు 'బెని' అంటారు. భాష మారినా మా మూలం మారలేదని ఆ కుర్రాడు చెప్పినప్పుడు అతని గొంతులో గర్వం వినిపించింది.

అక్కడ అంతా సవ్యంగానే ఉందని మీకు అబద్ధం చెప్పను. నేను వచ్చేశాక, 1998లో అరోగ్బో వాళ్లకీ పొరుగున ఉన్న ఇలాజె వాళ్లకీ నేల గురించి, అందులోని చమురు గురించి పెద్ద పోరు జరిగింది. ఊళ్లు కాలిపోయాయి. ఇలాజె తీరంలో 1947లో భక్తులు కట్టుకున్న అయెటొరో ఊరినైతే ఏటికేడాది సముద్రం కోసుకుపోతోంది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

యోరుబాలో 'ఓకో' అనే మాటని ఒక స్వరంలో పలికితే మొగుడు, ఇంకో స్వరంలో పార, మరో స్వరంలో పడవ. సంక్రాంతికి రండి, మూడూ పలికి వినిపిస్తాను. ఏది పడవో బాబీ చెప్పాలి.

మీ తాతయ్య