ముందు నీళ్లు చూడండి, తర్వాత సెలవులు: వలస పక్షుల మీద అపోహలు, వాస్తవాలు

సంక్రాంతి పది రోజులుందనగా నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "అన్నా, పక్షులు దిగినాయా?" నెల్లూరు నుంచి, కావలి నుంచి, ఒంగోలు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న. పదిహేనేళ్లుగా బైనాక్యులర్ మెడలో వేసుకుని ఈ తీరమంతా తిరుగుతున్నాను, నలుగురిని వెంటబెట్టుకుని చూపిస్తున్నాను. దిగినాయా అంటే దిగే ఉంటాయి. మీరొచ్చే రోజుకి, మీరు కారు ఆపే చోట ఉంటాయా అన్నది వేరే సంగతి.

అందరికంటే ఎక్కువ మంది డబ్బులు, ఓపిక తగలేస్తున్న అపోహ ఇదే: జనవరి వచ్చిందంటే చాలు, పులికాట్‌లో శ్రీహరికోట రోడ్డు పక్కనే ఫ్లెమింగోలు బారులు తీరి ఉంటాయని.

సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ 2001లో మొదలైంది. మంచి పనే, ఆ పేరుతో ఊరికి నాలుగు డబ్బులొచ్చాయి, పిల్లలకి పక్షుల పేర్లు తెలిశాయి. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. మా నోటికి మాత్రం ఇంకా 'నెల్లూరు పులికాట్' అనే వస్తుంది.) కానీ పోస్టర్ మీద వేసే ఆ గులాబీ గుంపు ఫోటో చూసి, పండగ తేదీలే పక్షుల తేదీలు అనుకుంటున్నారు జనం.

ఫ్లెమింగో ఎలా తింటుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే ఈ పొరపాటు చేయరు. తల తలకిందులు చేసి, వంకర మూతిని నీళ్లలో పెట్టి, బురదనీళ్లు లోపలికి లాగి, పక్కల నుంచి బయటికి నెట్టి, మిగిలిన నాచూ చిన్న చిన్న పురుగులూ మింగుతుంది. మధ్యమధ్యలో ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కుతుంది, అడుగున ఉన్నది పైకి లేవడానికి. ఈదడం రాక కాదు గానీ, ఇదంతా కుదరాలంటే కాళ్లు నేలకానాలి. మన మోకాలి లోతు ఉంటే దానికి హాయి. నడుం లోతయితే అక్కడ దానికి పనే లేదు.

మరి మనకి వానలెప్పుడు? అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. స్వాతి, విశాఖ కార్తెల్లో గట్టిగా పడి, పైన ఒక తుఫాను కూడా తగిలితే స్వర్ణముఖి, కాళంగి నీళ్లన్నీ వచ్చి సరస్సులో చేరతాయి. సముద్రంలోకి పోయే ముఖద్వారాలు ఇసుక మేటలేసి పూడుకుపోయి ఉంటే ఆ నీళ్లు త్వరగా దిగవు. అలాంటి ఏడు సంక్రాంతికి వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా సముద్రంలా నీళ్లే. ఫ్లెమింగోలు ఎక్కడో లోతు తక్కువున్న చోటికి, ఒక్కోసారి తమిళనాడు వైపుకి తప్పుకుంటాయి. వానలు ఎగ్గొట్టిన ఏడు జనవరికే బురద ఎండి పలకలు పలకలుగా పగుళ్లిస్తుంది. అప్పుడూ ఉండవు. మామూలు ఏడయితే నీళ్లు మెల్లగా తగ్గుతూ పోయి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పక్షులు రోడ్డు పక్కకి వస్తాయి, అప్పటికి జనం ఉండరు.

ఒక సంక్రాంతికి ఒంగోలు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మనవరాలిని తీసుకుని వచ్చారు. కారు బాడుగకి మాట్లాడుకుని, 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, అటకానితిప్ప దగ్గర దిగేసరికి పదకొండయింది. ఎండ నీళ్ల మీద పడి దూరంగా ఉన్నవన్నీ అల్లల్లాడుతున్నాయి. ఆ పాప గులాబీ గౌను వేసుకొచ్చింది, పక్షులతో ఫోటో దిగాలని. "తాతయ్యా, ఏవి?" అని నాలుగుసార్లు అడిగి, ఇక అడగడం మానేసింది. ఆ మానేయడం చూసి నాకే గొంతు పట్టేసింది. నా స్కోపులో (స్టాండు మీద పెట్టే దూరదర్శినిలో) పెట్టి చూపిస్తే చీర అంచంత సన్నగా ఒక గీత కనపడింది. "ఇంత దూరం దీనికోసమా బాబూ" అన్నారు మాస్టారు. ఆయన తప్పేం ఉంది? ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో చూసి బయల్దేరారు. అది ఏ ఏటిదో, ఏ నెలదో అందులో ఉండదు కదా.

మార్చిలో నేనే ఫోన్ చేసి మళ్లీ రమ్మన్నాను. ఈసారి ఆరున్నరకల్లా అక్కడున్నాం. ఫ్లెమింగోలు ఎలాగూ ఉన్నాయి. పాపకి నచ్చింది మాత్రం వేరే: నీళ్లు తీసిపోయిన బురదలో అవి తొక్కిన గుర్తులు. చుట్టూ గుండ్రంగా పల్లం, మధ్యలో చిన్న దిబ్బ, గారె తిరగేసినట్టు. ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయింది. ఇరవై మూడు దాకా లెక్కపెట్టాక కాళ్లు కూరుకుపోతుంటే ఎత్తుకొచ్చాను.

ఈ నీళ్ల లెక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. భీములవారిపాలెం వైపు వల వేసుకునే ఒక యానాది పెద్దాయన చెప్పాడు, తన పిక్క మీద చెయ్యి పెట్టి చూపిస్తూ: "నీళ్లు ఈడికొస్తే అయ్యి వస్తాయి. ఈడ దాటితే పోతాయి." 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డాన్ దొర, తర్వాత మన దేశపు పక్షుల మీద అంత పేరు తెచ్చుకున్నాయన, ఇక్కడి యానాదుల్ని అడిగే ఎన్నో సంగతులు రాసుకున్నాడు. మనం మాత్రం యూట్యూబ్‌ని అడుగుతాం.

కాబట్టి బయల్దేరే ముందు సూళ్లూరుపేటలో తెలిసిన ఆటో అతనికో, టీ కొట్టు అతనికో ఫోన్ చేయండి. "పక్షులున్నాయా" అని అడగొద్దు, మొహమాటానికి ఎవరైనా ఉన్నాయనే అంటారు. "రోడ్డు పక్క నీళ్లెంత ఉన్నాయి?" అని అడగండి. ఇస్కపల్లి ఉప్పుటేరు, పెన్న సముద్రంలో కలిసే చోటు లాంటివయితే ఇంకో లెక్క ఉంది. అక్కడ తేదీ కంటే తిథి ముఖ్యం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఆటు కూడా ఎక్కువ. నీళ్లు తీసినప్పుడు బురద బయటపడి ఉల్లంకి పిట్టలన్నీ (ఒడ్డు బురదలో మేసే చిన్న పిట్టలు) మేతకి దిగుతాయి. పోటు మీద వెళ్తే ఇసుక దిబ్బ మీద ముక్కు రెక్కలో దాచుకుని నిద్రపోతుంటాయి. పట్టుబడి అయిపోయి నీళ్లు తీసేసిన రొయ్యల గుంట కనపడితే వదలొద్దు, గుంట యజమానికి ఒక మాట చెప్పి గట్టు మీద కూర్చోండి.

ఇక సైబీరియా. ప్రతి ఊళ్లోనూ చెట్టు మీద గూడు కట్టిన ప్రతి పెద్ద పక్షీ 'సైబీరియా కొంగే'. నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు మన దగ్గరే గుడ్లు పెట్టి పిల్లల్ని లేపుతున్నాయి. మేతకి పులికాట్ పోయి వస్తాయి, అంతే. నత్తగుల్ల కొంగలూ మన దేశపువే. ఫ్లెమింగోలు మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. పులికాట్‌కి మేతకే వస్తాయి, నేలపట్టులో గుడ్లు పెడతాయన్నది వట్టి మాట. నిజంగా ఆర్కిటిక్ సముద్రం ఒడ్డు నుంచి వచ్చేవి, మీరు పిచ్చుకలనుకుని పక్కకి జరిపేసేవి: లిటిల్ స్టింట్, కర్లూ శాండ్‌పైపర్. లిటిల్ స్టింట్ బరువు పాతిక గ్రాములు అటూ ఇటూ. అవి చలికాలం దాకా కూడా ఆగవు, ఆగస్టుకే కొన్ని దిగిపోతాయి. అక్కడ గూడు కట్టినప్పటి ఎర్ర రంగు కర్లూ శాండ్‌పైపర్ల పొట్ట మీద ఇంకా పూర్తిగా పోదు. మండే ఎండలో కొత్తపట్నం తీరంలో వాటిని చూస్తుంటే జనం నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూస్తారు.

బర్డ్ ఫ్లూ భయం గురించి విసుక్కోలేను. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలోనే చాటగొట్ల, గుమ్మళ్లదిబ్బ దగ్గర కోళ్లకి వచ్చింది. ఆ వారం ఒకమ్మ రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "అన్నా, మా వాణ్ణి నేలపట్టు తీసుకుపోయినాం, జ్వరమొచ్చింది" అని ఏడుస్తోంది. చెరువు గట్టు మీద నుంచి చూస్తే అంటుకునేది కాదమ్మా, జ్వరం మాత్రం డాక్టరుకి చూపించు అన్నాను. పిల్లాడికి మామూలు జలుబే. నీటి పక్షులు ఆ వైరస్‌ని మోస్తాయన్నది నిజమే, దాచాల్సిన పని లేదు. మనిషికి ఎక్కువగా వచ్చేది జబ్బు చేసిన పక్షినో చచ్చిన పక్షినో పట్టుకుంటే, లేదా వాటి రెట్టతో మెలిగితే. కాబట్టి చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు, పశువుల డాక్టరుకో అటవీ శాఖ వాళ్లకో చెప్పండి. ఇంట్లో కోళ్లుంటే బురదలో తిరిగిన చెప్పులతో గూటి దగ్గరికి పోవద్దు. బాగా ఉడికిన కోడికూరకి ఏ టెన్షనూ అక్కర్లేదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. లక్ష రూపాయల కెమెరా అక్కర్లేదు, 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. బూడిద రంగులో ఉన్నవి వేరే జాతి కాదు, ఫ్లెమింగో పిల్లలే. ఆ గులాబీ రంగు తిండి వల్ల మెల్లగా వస్తుంది. వీడియో కోసం చప్పట్లు కొట్టి గుంపుని లేపేవాళ్లతో నాకు మాటల్లేవు. వేల కిలోమీటర్ల ప్రయాణానికి కూడబెట్టుకునే కొవ్వు అలా లేపిన ప్రతిసారీ కొంత కరిగిపోతుంది.

కాలికి రింగున్న పక్షి గూఢచారి అన్నది ఇంకొకటి. మైపాడు దగ్గర ఒక మత్స్యకారుడు వలలో పడి చచ్చిన పిట్ట కాలి రింగుని మూడు నెలలు బీడీల డబ్బాలో దాచిపెట్టాడు, పోలీసులొస్తారని. అది ఎప్పుడు, ఎక్కడ వేశారో తెలుసుకోవడానికే నంబరు ఉంటుందని, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ లాంటి వాళ్లు ఏళ్లుగా అలా రింగులు వేస్తున్నారని చెప్పి, నంబరు ఫోటో తీసి పంపాను. "అయితే ఇక నాకిచ్చెయ్" అన్నాడు. ఇప్పుడది అతని బండి తాళాలకి వేలాడుతోంది.