పట్టాలు తీసేసిన కట్ట

పిల్లలూ,

మొన్న పండక్కి వస్తూ రైల్లో గోదావరి దాటుతుంటే చిన్నది అడిగిందట, "పక్కన ఇంకో బ్రిడ్జి ఉంది కదా, దాని మీద రైలెందుకు రావట్లేదు?" అని. వాళ్ల నాన్న ఫోన్లోంచి తల ఎత్తకుండా "అది పాతదైపోయిందమ్మా" అన్నాడట. ఇదేం జవాబు? ఆ లెక్కన నేనూ పాతవాణ్ణే. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అది హేవలాక్ వంతెన. 1900లో దాని మీద రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. జనం నడవడానికి, చూడ్డానికి వీలుగా దాన్ని బాగు చేస్తామని చాలా ఏళ్లుగా అంటున్నారు, 2025లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన కూడా చేశారు. చూద్దాం.

రైలు మానేసిన దారిని నడకకీ సైకిళ్లకీ ఇచ్చెయ్యడం మనకి కొత్తగానీ, చాలా దేశాల్లో ఎప్పట్నించో ఉంది. ఇది మీకెలా చెప్పాలా అని ఆలోచిస్తుంటే మీ నానమ్మ పాత చీరలు గుర్తొచ్చాయి. నేతచీర వెలిసిపోతే నానమ్మ ఏం చేసేది? దూలానికి ఉయ్యాల కట్టేది. మీ నాన్న అందులోనే ఊగాడు. ఉయ్యాలకి చీర కొత్తదై ఉండక్కర్లేదు, జరీ అంచు అసలే అక్కర్లేదు, పొడుగుంటే చాలు. మధ్యలో ఎవరో ఒకరు మూరెడు చింపి మసిగుడ్డ చేసుకున్నారనుకోండి, మిగిలింది దూలానికి అందదు. రైలు దారీ అంతే. పట్టాలు జరీ, ఊడదీసి అమ్ముకోవచ్చు. కింద మిగిలే కట్ట ఉందే, ఊళ్లూ చేలూ కాలవలూ దాటుకుంటూ ఎక్కడా తెగకుండా పోయే ఆ సన్నటి నేల, అదీ చీర. అలాంటి నేల ఇవాళ కొత్తగా సంపాదించాలంటే ఎంతమంది రైతుల గుమ్మాలెక్కాలో, ఎన్ని కోర్టు కేసులో, మీ నాన్ననడగండి, స్థలం గొడవలు వాడికి బాగా తెలుసు.

అమెరికావాళ్లు ఇది కాస్త ముందే గ్రహించారు. లారీలూ కార్లూ పెరిగి వాళ్ల రైలు లైన్లు బోలెడు మూతపడుతుంటే, 1983లో చట్టంలో ఒక ఏర్పాటు చేశారు. రైలు ఆగిన దారిని ముక్కలు చెయ్యకుండా ఉంచండి, అప్పటిదాకా జనం నడవనీ, రేపెప్పుడైనా మళ్లీ రైలు కావాలంటే పట్టాలు వేసుకోవచ్చు అని. అంటే ఉయ్యాల విప్పి మళ్లీ చీరగా కట్టుకోవడం అన్నమాట. (ఇది చదివి వినిపిస్తే నానమ్మ, "ఉయ్యాల కట్టిన చీర మళ్లీ ఎవరు కట్టుకుంటారండీ" అంది. సరే, కట్టుకోరు. అయినా నా పోలిక నేను వదలను.)

ఆ దేశంలో మిస్సోరీ అని పెద్ద నది ఉంది. దాని ఒడ్డునే పోయే రైలు లైను వరదలకి దెబ్బతిని దెబ్బతిని, 1986 వరద తర్వాత కంపెనీవాళ్లు ఇక మావల్ల కాదని వదిలేశారు. ఇప్పుడదే కేటీ ట్రైల్ అనే సైకిలు దారి, దాదాపు 385 కిలోమీటర్లు, ఇంచుమించు రాజమండ్రి నించి హైదరాబాదంత దూరం. లారీ హారన్ లేకుండా అంత దూరం సైకిలు మీద! న్యూజిలాండులో ఒటాగో అనే చోట 1990లో మూసేసిన లైను 2000 నాటికి 152 కిలోమీటర్ల సైకిలు దారైంది. రైలు పోయి వెలవెలబోయిన చిన్న ఊళ్లలో ఇప్పుడు సైకిళ్లవాళ్లకి బసలూ భోజనాలూ అమ్ముకుంటున్నారు.

ఇంకోటి. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుంది, అందుకని రైలు నిటారు ఎత్తు ఎక్కలేదు. నూరడుగులు పోతే ఒకటి రెండు అడుగుల కంటే ఎక్కువ లేవకుండా దారి వేస్తారు, కొండ అడ్డొస్తే తొలిచేస్తారు, పల్లం వస్తే పూడ్చేస్తారు. ఇంజను కోసం పడ్డ ఆ కష్టమంతా ఇవాళ సైకిలు తొక్కేవాడి మోకాళ్లకి కలిసొస్తోంది. అమెరికాలోనే గ్రేట్ అలెఘెనీ పాసేజ్ అని, పాత రైలు కట్ట మీద వేసిన 240 కిలోమీటర్ల సైకిలు దారి కొండల మధ్యనించే పోతుంది, అందులో కిలోమీటరు పొడవున్న సొరంగం ఒకటుంది, చలికాలం మంచుకి పాడవకుండా దానికి తలుపులు వేసేస్తారట! సొరంగానికి తలుపులు!

మన డెల్టాలో ఈ ఎత్తుపల్లాల గొడవ లేదు. ఇక్కడ ఎత్తంటే కాలవ మీద వంతెనే. మనకి కట్ట విలువ తెలిసేది వానాకాలంలో. కాకినాడ నించి కోటిపల్లికి 1928లో 45 కిలోమీటర్ల రైలు లైను వేశారు. పన్నెండేళ్లకే, 1940లో, యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. నేను పుట్టేసరికి మిగిలింది కట్టే. శ్రావణం వచ్చిందంటే మా ఊరి పుంతలో నల్లబురద మోకాలి దాకా దిగేది, చెప్పులు చేతపట్టుకుని కట్ట ఎక్కితే మాత్రం బడిదాకా నడిచిపోవచ్చు. సైకిలు నేర్చుకున్నదీ దాని మీదే. అద్దె సైకిలు, సీటు అందదు, బారు కింద నించి కాలు దూర్చి తొక్కుతూ పోతుంటే రెండు పక్కలా నీళ్లు నిండిన చేలు, కప్పల గోల, పడితే ఎటు పడ్డా మెత్తగా బురదే. వరదప్పుడు గొడ్లు కూడా కట్ట మీదే, పాములూ కట్ట మీదే, ఎవరి మానాన వాళ్లు.

కట్ట పక్కన చేను ఉన్నవాళ్లు ఏటా ఓ పార మట్టి ఇటు లాక్కునేవాళ్లు. ఒక్క పారేగా అనుకుంటారు. అందరి వస్తువునీ కొంచెం కొంచెం కొరుక్కోవడం మనకి బాగా అలవాటు, మీరు పెద్దయ్యాక ఆ పని చెయ్యకండి. అదృష్టం ఏమిటంటే కట్ట పూర్తిగా తెగిపోలేదు. 2004లో కోటిపల్లికి మళ్లీ రైలొచ్చింది! అక్కణ్ణించి గోదావరి పాయలు దాటించి నరసాపురం దాకా కలిపే పని కూడా నడుస్తోంది. ఇప్పుడు చెప్పండి, చీర మళ్లీ కట్టుకున్నారా లేదా? నానమ్మకి చూపించండి.

ఇలాంటి దారులు రైలు వల్లే మిగిలాయనుకోకండి. ఆ అలెఘెనీ దారి చివర్లో పాత కాలవ గట్టొకటి అందుకుని వాషింగ్టన్ దాకా ఇంకో మూడొందల కిలోమీటర్లు పోతుంది, ఒకప్పుడు కంచరగాడిదలు పడవలు లాగిన గట్టు అది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక తవ్విన కాలవల గట్ల మీద మన మనుషులే తాడు భుజాన వేసుకుని పడవలు లాగేవాళ్లు. ఆ గట్లు ఇంకా ఉన్నాయి, కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల ముళ్లకంప.

ఈ వేసవి సెలవలకి వచ్చినప్పుడు ద్రాక్షారామం నించి కోటిపల్లి దాకా సైకిళ్ల మీద వెళ్లండి. పట్టాల మీదకి పోవద్దు, పక్క రోడ్ల మీంచి చూస్తే చాలు. చేల కంటే కట్ట ఎంత ఎత్తుందో చూడండి, కట్ట కింద నీళ్లు అటూ ఇటూ పోవడానికి ఎక్కడెక్కడ తూములు పెట్టారో లెక్క రాసుకోండి. అవి సరిగ్గా అక్కడే ఎందుకున్నాయో ముందు మీరు చెప్పాలి, తర్వాత నేను చెప్తాను. టైర్లలో గాలి కొట్టించి ఉంచుతాను.

మీ తాతయ్య