విరిగిన కాలికి ఎంత సాయం చేయాలి?

డెబ్బై దాటిన మనిషికి మోకాలి కింద ఎముక విరిగి, లోపల రాడ్ వేసి ఇంటికి పంపినప్పుడు ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది ఎన్ని వారాల్లో అతుక్కుంటుందని. ఆరు వారాలన్న మాట అందరి నోటా వినిపిస్తుంది గాని, ఈ ఎముక విషయంలో అది అరుదు. దీని ముందువైపు కండ లేదు, చర్మం కిందే ఎముక తగులుతుంది. కింది మూడోవంతుకు రక్తప్రసారం కూడా తక్కువ. అందువల్ల పూర్తిగా అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే, మధుమేహమో పొగతాగే అలవాటో ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఈ నెలల్లో ఎక్కువ భాగం గడిచేది ఇంట్లోనే, చూసుకునేది చాలా ఇళ్ళలో భార్యో భర్తో, వాళ్ళకూ అరవై దాటి ఉంటాయి. వాళ్ళు ఎంత సాయం చేస్తారన్నది, ఎక్కడ ఆపుతారన్నది ఎముక మీదా కండ మీదా నేరుగా పనిచేస్తుంది.

విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. అక్కడికి చేరిన కణాలు రెండు మూడు వారాల్లో మృదులాస్థి వంటి మెత్తని కణజాలంతో రెండు కొసలనూ కలుపుతాయి. ఆ తరువాతి వారాల్లో అందులో కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు చేరి గట్టిపడుతుంది. ఎక్స్-రేలో విరుగు చుట్టూ మబ్బులా తెల్లగా కనిపించేది అదే. ఇక చివరి దశ నెలలు దాటి ఏళ్ళ దాకా సాగుతుంది: ఆస్టియోక్లాస్టులనే కణాలు అనవసరమైన ఎముకను తొలిచివేస్తుంటే, ఆస్టియోబ్లాస్టులనేవి అవసరమైన చోట కొత్తది కడుతుంటాయి. ఆ అవసరాన్ని తేల్చడంలో బరువుది పెద్ద పాత్ర. ఎముక తనపై పడే బరువును బట్టి నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. ఎముకలోని సన్నని నాళాల్లో ద్రవం కదలికను ఆస్టియోసైట్లనే కణాలు పసిగడతాయని ఇప్పుడు తెలుసు. 1985లో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే బ్రిటిష్ పరిశోధకులు గొర్రెల కాళ్ళపై చేసిన ప్రయోగంలో, విరిగిన చోట రోజూ కొద్ది నిమిషాలపాటు మిల్లీమీటరు ప్రమాణంలో కదలిక కలిగించిన కాళ్ళు, బొత్తిగా కదలనివ్వని కాళ్ళకంటే బాగా అతికాయి. కదలిక మరీ ఎక్కువైతే మాత్రం కొత్త కణజాలం తెగిపోతుంది, అతకవలసింది అతకదు. డాక్టరు "ఇంత బరువే మోపండి" అని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇది.

కండకు ఇంత ఓపిక లేదు. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు 10 రోజులు మంచం మీదే ఉండగా వాళ్ళ కాళ్ళలోని కండ దాదాపు 1 కిలో తగ్గింది. దెబ్బా లేదు, జబ్బూ లేదు, ఊరికే పడుకున్నందుకే అంత నష్టం. ఈ వయసులో పోయిన కండ తిరిగి రావడానికి, పోవడానికి పట్టినదానికంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. "పడుకోండి, నేను తెస్తానుగా" అన్న ప్రేమ ఖరీదు ఇక్కడే పడుతుంది.

చెన్నై పెరంబూరులో మా పక్క పోర్షన్‌లో ఉండే పెద్దాయన రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయినవారు. ఆయన కాలు విరిగిన మొదటి రోజుల్లో ఆయన భార్య టిఫిను, కాఫీ, పేపరు, చివరికి ఫ్యాను రెగ్యులేటరు దాకా అన్నీ తానే చూసేవారు. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు, ఆయన నీళ్ళు ఆయన్నే తెచ్చుకోనివ్వమన్నాడు. వాకర్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే సరిపోతాయి, మరి గ్లాసు ఎలా? బట్టల కొట్లో ఇచ్చిన పసుపుపచ్చ గుడ్డసంచిని వాకర్ ముందు కడ్డీకి కుట్టేశారావిడ. అందులో సీసా, కళ్ళజోడు, సెల్‌ఫోను పడతాయి. నాకు తెలిసి ఆ ఇంట్లో అంతకంటే గొప్ప వైద్య పరికరం లేదు.

తరువాత విరిగిన కాలి మీద శరీరబరువులో నాలుగోవంతు మోపవచ్చన్నారు. ఆయన 60 కిలోల మనిషి, అంటే 15 కిలోలు. పదిహేను కిలోలు మోపడమంటే ఎలా ఉంటుందో ఎవరికీ ఊహకందదు గనక హాల్లో బరువుతూచే మిషను పెట్టి, రెండో పాదం కింద ఎత్తు సరిపోయేలా పాత టెలిఫోను డైరెక్టరీ వేసి, వాకర్ పట్టుకుని నిలబడి సాధన చేశారు.

"ఏమండీ, ముల్లు పదిహేను దాటింది, ఆపండి."

"కళ్ళజోడు పెట్టుకుని చూడు. పన్నెండు కూడా కాలేదు."

మిషను మీద పాదానికి అలవాటైన ఆ ఒత్తిడినే నడకలో గుర్తుపెట్టుకోవాలి. వ్యాయామానికి అరగంట ముందు నొప్పి మాత్ర ఇవ్వవచ్చునా అని డాక్టరును అడిగి పెట్టుకుంటే, నొప్పికి భయపడి ఎగ్గొట్టడం తగ్గుతుంది.

కుర్చీలోంచి లేవడంలోనూ చేయకూడని సాయం ఉంది. చంకల కింద చేతులు వేసి లాగితే ఆయన భుజం దెబ్బతింటుంది, లాగినవారి నడుము పట్టేస్తుంది. ఎత్తయిన, చేతులున్న కుర్చీ వేయాలి. ఆయన అంచుకు జరిగి, బాగున్న పాదాన్ని వెనక్కి లాక్కుని, కుర్చీ చేతులను నొక్కి లేవాలి. వాకర్ పట్టుకుని లేవబోతే అది ముందుకు తిరగబడుతుంది.

చెన్నైలో మన తెలుగువాళ్ళ ఇళ్ళకు చూడవచ్చిన బంధువులు రెండు సలహాలైనా ఇవ్వకుండా వెళ్ళరు: పుత్తూరు కట్టు వేయించమని, నల్లేరు పచ్చడి పెట్టమని. లోపల రాడ్ వేశాక పైనుంచి మరో కట్టు అవసరం లేదు. నల్లేరు పచ్చడి రుచిగానే ఉంటుంది, తినవచ్చు. మందుగా నమ్ముకోదగినంత ఆధారం మాత్రం లేదు. మేకకాళ్ళ సూపులో కాల్షియం అనుకున్నంత ఉండదు, 100 గ్రాముల రాగిపిండిలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. అయితే ఈ ఇళ్ళలో అసలు కొరత ప్రోటీనుది. కోలుకుంటున్న వృద్ధులకు కిలో శరీరబరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీను కావాలంటారు, అంటే ఈయనకు 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం రసం అన్నం, రాత్రి మజ్జిగన్నంతో ఆ లెక్క తీరదు. ముద్దపప్పు, గుడ్లు, పెరుగు, పాలు, తినేవాళ్ళయితే చేపలు పూటపూటా పడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగాకే ప్రోటీను పెంచాలి.

కదలకుండా ఉన్న కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పిపెడితే ఆ రోజే చూపించాలి. ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వస్తే అంబులెన్సు పిలవాలి, రేపటి దాకా ఆగకూడదు. పడుకున్నప్పుడు కూడా పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఉండమనేది ఇందుకే. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని కదలాలి, ఎందుకంటే లేవగానే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా తీసేయాలి.

వాకర్ నుంచి చేతికర్రకు మారాక, కర్ర బాగున్న కాలివైపు చేతిలో ఉండాలి. లిఫ్టు లేని పాత కట్టడాల్లో చివరి పరీక్ష మెట్లే. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతగిలిన కాలు ముందు. తోడుండేవారు ఎప్పుడూ కింది మెట్టు మీదే ఉండాలి, ఎక్కేటప్పుడు ఆయన వెనక, దిగేటప్పుడు ఆయన ముందు, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని. పడితే ఆపడానికి కాదు, అంత బరువు అరవై అయిదేళ్ళ ఆవిడ ఆపలేరు. తూలడం మొదలైన క్షణంలోనే నడుము దగ్గర చెయ్యి ఆనించి నిలదొక్కుకోనివ్వడానికి.