సింహాలకు చోటు దొరికింది, కోతులకు దొరకలేదు

సింహాచలం కొండ చుట్టుపక్కల, అడవివరం, హనుమంతవాక, మధురవాడ వైపు కోతుల గొడవ మళ్లీ మొదలైంది. పట్టి తీసుకుపొమ్మని కాలనీవాళ్లు అంటున్నారు. ఎక్కడికి తీసుకుపోతారో ముందు చెప్పమని జంతువుల్ని సాకేవాళ్లు అడుగుతున్నారు. కొండల మీదికి ఇళ్లు ఎలా పాకాయో, కోతులు వంటింటి దాకా ఎలా వచ్చాయో విశాఖవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎక్కడికి తీసుకుపోతారన్న ప్రశ్నకు ఇన్నేళ్లుగా జవాబెందుకు లేదన్నదే అసలు సంగతి. నాకు తెలిసినంతలో దాని మొదలు 2001లో ఉంది.

1998 అక్టోబరు 14న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలు: వీటికి తర్ఫీదు ఇచ్చి జనం ముందు ఆడించకూడదని అందులో ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 22వ సెక్షన్ కింద ఇచ్చిన ఉత్తర్వు అది. సర్కస్ యజమానులు కోర్టుకెక్కారు. 2000లో కేరళ హైకోర్టు, 2001 మే 1న సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లుతుందని తేల్చాయి. మరి సర్కస్ బోన్లలోంచి బయటికొచ్చే మృగాల్ని ఎక్కడ ఉంచాలి? జూలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ సెంట్రల్ జూ అథారిటీ దేశంలో కొన్ని చోట్ల రెస్క్యూ సెంటర్లు పెట్టించింది. అందులో తిరుపతి ఒకటి, మన విశాఖ ఇందిరాగాంధీ జూ దగ్గరిది ఇంకొకటి.

ఆ కేంద్రం పద్ధతి తెలుసుకోదగ్గది. సందర్శకుల్ని రానివ్వరు. సర్కస్ సింహాల్లో చాలావరకు ఆసియా, ఆఫ్రికా జాతులు కలిసిపోయినవి కాబట్టి పిల్లల్ని పెట్టనివ్వరు. అడవిలో వదిలితే బతకలేవు కాబట్టి వదలరు. మాంసం, మందులు, డాక్టరు, కీపర్లు, అన్నీ అవి చనిపోయేదాకా. ఎవరికీ ఆదాయం తెచ్చిపెట్టని, ఏ జూకీ అక్కర్లేని ముసలి జంతువుల్ని ఆఖరి రోజు దాకా సాకడం ప్రభుత్వం పని అని ఆ రోజు ఒప్పుకున్నారు. ఎంత పెద్ద మాటో చూడండి.

అదే నోటిఫికేషన్‌లో రెండో పేరు కోతిది. ఎలుగుబంట్లకు తర్వాత ఆగ్రా, బన్నేరుఘట్ట లాంటి చోట్ల ప్రత్యేక కేంద్రాలు వచ్చాయి. కోతులకు మాత్రం ఆ ఒప్పుకోలు వర్తించలేదు. కోతులాడించేవాళ్ల దగ్గర పట్టుకున్న కోతిని దగ్గర్లో ఉన్న అడవిలో వదిలేయడమే అలవాటైంది. కోతి అడవి జంతువే కదా, బతుకుతుందిలే అనుకున్నారు. ఈ రోజు కాలనీలో పట్టిన కోతిని కొండ అవతల వదిలేయమంటున్నదీ ఆ అలవాటు ప్రకారమే.

బతకదు. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. కోతికి ఊరూ ఇల్లూ అన్నీ దాని గుంపే. ఆడకోతులు పుట్టిన గుంపులోనే బతుకంతా ఉంటాయి. తల్లి హోదానే కూతురిది. మగవి పెద్దయ్యాక వేరే గుంపు వెతుక్కుంటాయి, ఆ చేరికలో దెబ్బలు తింటాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా. అలాంటి చోట ఆడించేవాడి దగ్గర పెరిగిన కోతి సంగతి ఏమవుతుంది? కరవకుండా దాని కోరలు పీకేసి ఉంటారు. మెడ చుట్టూ తాడు ఒరుసుకుపోయిన మచ్చ ఉంటుంది. సాటి కోతి కోపంగా చూస్తే తల దించాలో పారిపోవాలో దానికి తెలియదు, నేర్పే తల్లి లేదు. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా ఇంట్లో పెంచుకుని, నాలుగైదేళ్లకు కరవడం మొదలుపెట్టాక తెచ్చి వదిలేసే కోతుల పరిస్థితీ ఇంతే. పైగా మనుషుల మధ్య ఉన్న కోతికి మన దగ్గర్నుంచి క్షయ సోకి ఉండొచ్చు. అడవిలో వదిలితే ఆ జబ్బునూ వదిలినట్టే. కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు, దాన్ని ఆనుకునే నగరం ఉంది. అక్కడ వదిలిన కోతి ఎక్కడికి దిగుతుందో లెక్కలు కట్టక్కర్లేదు.

కాలనీవాళ్ల బాధ నిజమే. పిల్లల్ని కరుస్తున్నాయి, రేబిస్ టీకాలకు తిరగాల్సి వస్తోంది, మేడ మీద బట్టలు ఆరేయాలన్నా టెన్షనే. జీడిమామిడి తోటలున్న రైతుల నష్టం ఇంకా ఎక్కువ.

వాళ్ల ఫిర్యాదు ఎవరు తీసుకోవాలన్న చిక్కు మాత్రం 2023లో పెరిగింది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అందులో రీసస్ కోతిని రక్షిత జాబితాల నుంచి తీసేశారు. జాబితాలో లేని జంతువు బాధ్యత అటవీ శాఖదా, మునిసిపాలిటీదా అని ఢిల్లీలో వాదన నడిచింది. విశాఖలోనూ ఆ ప్రశ్న తప్పదు. ఎందుకంటే గోదావరికి ఉత్తరాన ఉండేవి ప్రధానంగా రీసస్ కోతులే. తోక పొట్టిగా, వెనక భాగం ఎర్రగా ఉంటుంది. గోదావరికి దక్షిణాన పొడవు తోకతో, నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టుతో కనిపించేది బోనెట్ కోతి. దాన్ని అదే సవరణలో అత్యధిక రక్షణ ఉండే జాబితాలో, అంటే మొదటి షెడ్యూల్లో ఉంచారు. అంటే పట్టేవాళ్లు ముందు తోక చూసుకోవాలి. పట్టిన రీసస్‌ని లారీలో వేసుకెళ్లి నది దాటించి వదిలితే ఇంకో ముప్పు. రీసస్ దక్షిణానికి పాకుతూ బోనెట్ కోతుల చోటు లాక్కుంటోందని, మనుషులు ఇలా తరలించడమూ దానికి ఒక కారణమని ప్రైమేట్ పరిశోధకులు పదిహేనేళ్లుగా చెబుతున్నారు.

ఒక్క సంగతి చాలామంది మరిచిపోతున్నారు. రీసస్ షెడ్యూల్లోంచి పోయినా 1998 నోటిఫికేషన్ పోలేదు. అది వేరే చట్టం కింద ఇచ్చింది. కోతిని ఆడించడం ఇప్పటికీ నేరమే. కాబట్టి స్వాధీనం చేసుకున్న కోతులు ఇకమీదటా వస్తూనే ఉంటాయి.

ల్యాబుల నుంచి వచ్చేవీ ఉన్నాయి. 1978 దాకా మన దేశం ఏటా వేల రీసస్ కోతుల్ని విదేశీ పరిశోధనశాలలకు ఎగుమతి చేసింది. రక్తం గ్రూపు పక్కన రాసే ఆర్‌హెచ్ అన్న అక్షరాలు ఈ కోతి పేరు నుంచి వచ్చినవే. పోలియో టీకా తయారీకి వాటి కిడ్నీ కణాలు వాడారు. 2020లో కొవాగ్జిన్‌ను పరీక్షించిన జంతువుల్లో 20 రీసస్ కోతులూ ఉన్నాయి. ప్రయోగం అయిపోయాక బతికున్న జంతువు పునరావాసం ప్రయోగం చేసినవాళ్ల బాధ్యతేనని దేశంలో జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కమిటీ సూత్రం. అమెరికా అయితే ల్యాబుల్లోంచి రిటైరైన చింపాంజీల జీవితకాల పోషణకు 2000లో ఏకంగా చట్టమే చేసింది.

మన పక్కనే తెలంగాణలో, నిర్మల్ దగ్గర చించోలిలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం మొదలైంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు దాని ముఖ్యమైన పని. అలాంటిది విశాఖలో పెట్టమన్న మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. పెట్టాలి. కానీ ఆపరేషన్ చేసి తిరిగి వదిలే కేంద్రం వేరు, వదలలేని కోతుల్ని కడదాకా ఉంచే చోటు వేరు. మొదటిది కాలనీలకు అవసరం. రెండోది లేకపోతే కోరలు పోయినవి, కరెంటు తీగ తగిలి చేతులు పోయినవి, ఒంటరిగా పెరిగినవి మళ్లీ బోనులోనే మగ్గుతాయి.

ఆ రెండోది నడపడం ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్లకే తెలుస్తుంది. కొత్తగా వచ్చిన కోతిని కనీసం 30 రోజులు క్వారంటైన్‌లో ఉంచాలి, క్షయ పరీక్ష చేయాలి. తర్వాత వల అవతల నుంచి ఇంకో కోతిని చూపించాలి. ఒకదాని ఒంట్లో పేలు ఇంకొకటి చూడ్డానికి వల సందులోంచి చెయ్యి చాచిందంటే కీపర్లకు పండగే. అక్కడి నుంచి జంట, జంట నుంచి గుంపు. ఒక్కోసారి నెలలు పడుతుంది, ఒక్కోసారి కుదరనే కుదరదు. తలుపు వెనక ఇంకో తలుపు ఉండాలి, ఎందుకంటే గొళ్లెం తీయడం కోతికి చిటికెలో పని. అరటిపళ్లు, బిస్కెట్లు కాదు, ఆకుకూరలు, మొలకలు, వేరుశనగలు రోజంతా వెతుక్కుని తినేలా చల్లి పెట్టాలి. మగవాటికి వాసెక్టమీ చేస్తే పిల్లలు పుట్టవు కానీ గుంపులో వాటి స్థానం చెదరదు.

మరి డబ్బు? బోన్లు ఒకసారి కడితే సరిపోతుంది. తిండి, మందులు, కీపర్ల జీతాలు అలా కాదు. సాకితే కోతి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. జూ దగ్గరి కేంద్రంలో పిల్లల్ని పెట్టనివ్వని ఆ సర్కస్ సింహాలు ముసలివై ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. వాటికి పెట్టినన్నాళ్లూ ఏటేటా నిధులు ఎలా వచ్చాయో ఆ కాగితాలు ఉండే ఉంటాయి. కోతుల కేంద్రానికి ప్రతిపాదన రాసేవాళ్లు ముందు వాటిని బయటికి తీయాలి. ఇవాళ రెండేళ్ల పిల్లగా వచ్చే కోతికి 2050లో కూడా పొద్దున్నే ఎవరో ఒకరు మొలకలు పెట్టాలి.