పుంజుకీ పెట్టకీ ఒకటే మేతా?

పిల్లలూ,

మీ పెట్టలు గుడ్లు మొదలుపెట్టాయట, సంతోషం. షాపాయన చెప్పాడని లేయర్ ఫీడ్ బస్తా తెచ్చేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దొడ్లో పెట్టలు మాత్రమే ఉంటే నేనేమీ అనను. రెండు పుంజులు, ఇంకా సరిగా ఈకలు రాని కోడిపిల్లలు కూడా ఉన్నాయి కదా, అన్నిటికీ ఒకే తొట్టి. చిక్కంతా అక్కడే.

లేయర్ ఫీడ్ అసలు ఫారంలో ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టే కోళ్ల కోసం తయారుచేసింది. ఒక్క గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, అంచేత ఆ మేతలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం కలుపుతారు. ఎదిగే కోళ్లకి పెట్టే గ్రోయర్ ఫీడ్‌లో ఒక శాతం అటూ ఇటూగా ఉంటుంది. మరి గుడ్డే పెట్టని పుంజు తిన్నది ఎక్కడికి పోవాలి? కిడ్నీల మీద భారం పడుతుంది. నాలుగు రోజులు తింటే ఏమీ కాదు, టెన్షన్ పడకండి, నెలల తరబడి మాత్రం వద్దు. కోడిపిల్లలకైతే అసలే పెట్టకూడదు, ఎదిగే వయసులో కిడ్నీలు దెబ్బతింటే ఆ కోడి ఇక కోలుకోవడం కష్టం. పైగా మన నాటుపెట్ట పదో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుడుకి కూర్చుంటుంది, పిల్లల్ని తిప్పుకుంటూ కొన్నాళ్లు గుడ్ల ఊసే ఎత్తదు. అన్నాళ్లూ దానికీ అంత కాల్షియం అక్కర్లేదు.

అందుకని తొట్టిలో అన్నిటికీ గ్రోయర్ ఫీడే వేయండి. కాల్షియం విడిగా, ఒక చిప్పలో. గుడ్డు పెట్టే పెట్ట తనకి కావలసినంత తనే తింటుంది, పెంకు రాత్రిపూట కట్టుకుంటుంది కాబట్టి సాయంత్రమే ఎక్కువ వెతుక్కుంటుంది. పుంజు రెండు ముక్కలు పొడిచి వదిలేస్తుంది.

చిప్పలో ఏం వేయాలంటారా? భీమిలి ఒడ్డున దొరికే ఆల్చిప్పలు చాలు. ఉప్పంతా పోయేలా మంచినీళ్లలో బాగా కడిగి, ఎండబెట్టి, జొన్నగింజంత ముక్కలయ్యేలా దంచండి, మరీ పొడి చేస్తే తినవు. గుల్లలు కాల్చిన సున్నం మాత్రం పెట్టొద్దు, నోరు కాలిపోతుంది. వంటింట్లో మిగిలిన గుడ్డు పెంకులైనా పర్లేదు గానీ ఎండబెట్టి, గుడ్డు అని పోల్చుకోలేనంతగా నలపండి, లేదంటే గుడ్లు పొడుచుకు తినే పాడు అలవాటు పట్టుకుంటుంది.

చోళ్లు (రాగులు), గంటెలు (సజ్జలు), నూకలు సాయంత్రం గుప్పెడు చల్లితే చాలు. వాటితోనే కడుపు నిండితే మాంసకృత్తులు చాలవు, గుడ్లూ తగ్గుతాయి. జాలరిపేట నుంచి ఎండుచేపలు తెచ్చి వేద్దామంటారేమో, ఉప్పు పట్టించినవి వద్దు, కోడి అంత ఉప్పు తట్టుకోలేదు.

బస్తా నేలమీద పెట్టకండి, మన విశాఖ గాలిలో చెమ్మకి మేత ఇట్టే బూజు పడుతుంది, ఆ బూజు విషం లివర్‌ని తినేస్తుంది. చెక్కబల్ల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టండి. ముద్దకట్టినా ముక్కిపోయిన వాసనొచ్చినా పారేయండి, డబ్బు దండగని చూడొద్దు.

తెచ్చిన లేయర్ బస్తా కుట్టు విప్పకపోయుంటే షాపులో మార్చుకోండి. విప్పేసుంటే, గుడ్లు పెట్టే పెట్టల్ని మాత్రం పొద్దున కాసేపు గంప కింద మూసి వాటికే పెట్టి అవగొట్టేయండి.

మీ తాత