ఐపీ పడ్డాక బ్యాంకు చేయి ఎందుకు పైన ఉంటుంది?

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోనో, ఆదోని పత్తి వ్యాపారంలోనో పేరున్న మనిషి ఐపీ (దివాలా పిటిషను) పెట్టాడన్న మాట పొక్కితే చాలు, అప్పిచ్చినవాళ్లు రెండు జట్లవుతారు. ప్రామిసరీ నోట్లు, చీటీల లెక్కలు పట్టుకున్నవాళ్లు వకీళ్ల ఆఫీసుల ముందు చేరతారు. ఇల్లు, గోదాము కుదువ పెట్టించుకున్న బ్యాంకు మాత్రం కంగారు పడదు. దాని నోటీసులు దాని దారిన పోతుంటాయి. ఇప్పుడు మళ్లీ రాజుకున్న తగాదా కూడా ఇదే. అప్పులవాడి ఆస్తంతా కోర్టు చేతికి వచ్చాక బ్యాంకు ఒక్కటే ఇల్లు వేలం వేసుకుని పోవడమేంటి, మేమిచ్చింది డబ్బు కాదా అని నోట్లవాళ్లు అడుగుతున్నారు.

సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ ఎలా వేస్తారో, ప్రతివాదుల జాబితాలో తన పేరు చూసుకున్నవాడికి ఎలా ఉంటుందో కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో వడ్డీకి డబ్బు తిప్పినవాళ్లకు చెప్పక్కర్లేదు. మన కోర్టుల్లో నేటికీ నడుస్తున్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఇవాళ్టి గొడవ మొత్తం అందులో రెండు చోట్ల ఉంది. ఒకటి సెక్షన్ 28 ఆరో ఉపసెక్షన్, రెండోది సెక్షన్ 47.

మనిషిని దివాలాదారుగా ప్రకటించగానే అతని ఆస్తి కోర్టుకో, కోర్టు తరఫున ఆస్తి చూసే అఫీషియల్ రిసీవరుకో దఖలు పడుతుంది. ఆ తర్వాత కోర్టు అనుమతి లేకుండా ఏ రుణదాతా దాని జోలికి పోకూడదు. సెక్షన్ 28 ఇంతవరకూ గట్టిగానే చెప్పి, ఆరో ఉపసెక్షన్‌కు వచ్చేసరికి పక్కకు తప్పుకుంటుంది. తనఖా ఉన్నవాడు, అంటే ఆస్తి కుదువ పెట్టించుకుని అప్పిచ్చినవాడు, ఈ సెక్షన్ అసలు లేనట్టే తన తనఖాను రాబట్టుకోవచ్చని అంటుంది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం బ్యాంకుకు ఇంకో బలమిచ్చింది. అరవై రోజుల నోటీసు ఇచ్చి, సివిల్ కోర్టు గడప తొక్కకుండానే ఆస్తి స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు కాబట్టి అనంతపురం వేరుశెనగ రైతు పొలం దాకా అది రాదు. ఊళ్లోని మిద్దె, మిల్లు, అంగడి మాత్రం దానికి దొరుకుతాయి. ఇల్లు కాపాడుకుందామని ఐపీ పెట్టినవాడికి ఇల్లు దక్కదు. నోట్లవాళ్ల ఈపీల (డిక్రీ అమలు పిటిషన్ల) నుంచి, సివిల్ జైలు భయం నుంచి కొంత ఊపిరి దొరుకుతుంది, అంతే.

నోట్లవాళ్ల కోపం ఈ ఆరో ఉపసెక్షన్ మీద. నా లెక్కలో అసలు మలుపు సెక్షన్ 47లో ఉంది. దాన్ని ఎవరూ తిరగేసి చూడకపోవడం వల్లే నోటుకు వచ్చే పైసలు కరిగిపోతున్నాయి.

ఆ సెక్షన్ తనఖాదారు ముందు మూడు దారులు పెట్టింది. తనఖా అమ్ముకుని, తగ్గిన బాకీకి మాత్రం మిగతావాళ్లతో పాటు క్లెయిము వేయొచ్చు. తనఖా వదిలేసుకుని మొత్తం బాకీకి వరుసలో నిలబడొచ్చు. రెండూ కాదంటే, ఆస్తి విలువ ఎంతో తానే లెక్కగట్టి చెప్పి, ఆ విలువ పోగా మిగిలిన బాకీకే పంపకంలో వాటా అడగాలి. ఈ మూడింట్లో ఏదీ పాటించకపోతే పంపకంలో పైసా రాదు, తనఖా ఒక్కటే దిక్కు.

మూడో దారిలోనే మతలబు ఉంది. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. బ్యాంకు బాకీ 60 లక్షలు. కుదువ పెట్టిన మిద్దెకు బ్యాంకు 45 లక్షలు విలువ కట్టి, మిగతా 15 లక్షలకు క్లెయిము వేసింది. నోట్ల బాకీలు 45 లక్షలు. రిసీవరు చేతిలో సరుకు అమ్మగా వచ్చినవి 12 లక్షలు. పంచితే రూపాయికి ఇరవై పైసలు. నోట్లవాళ్లందరికీ కలిపి 9 లక్షలు, బ్యాంకుకు మిద్దె కాక ఇంకో 3 లక్షలు.

అదే మిద్దె నిజంగా 60 లక్షలు పలికిందనుకోండి. చట్టం ప్రకారం, విలువ కట్టాక తనఖాదారు ఆస్తి అమ్మితే, ముందు చెప్పిన విలువ స్థానంలో వచ్చిన సొమ్మునే లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు బ్యాంకు 15 లక్షల క్లెయిము ఎగిరిపోతుంది, నోటుకు రూపాయికి ఇరవై ఆరు పైసలు దాటుతుంది. ఇంకొంచెం ముందుకెళ్దాం. బ్యాంకు చెప్పిన 45 లక్షలే బ్యాంకు చేతిలో పెట్టి ఆ తనఖాను విడిపించే అధికారం, అది అమ్ముడు కాకముందు ఎప్పుడైనా సరే, కోర్టుకు ఉంది. విడిపించి 60 లక్షలకు అమ్మితే 15 లక్షలు అందరి కుప్పలోకి వస్తాయి. కుప్ప 27 లక్షలు, క్లెయిములు 60 లక్షలు, రూపాయికి నలభై ఐదు పైసలు. అదే మిద్దె, అదే అప్పులు, ఇరవై పైసలకూ నలభై ఐదు పైసలకూ మధ్య తేడా అంతా ఒక విలువ కాగితం మీద ఆధారపడింది.

విలువ తక్కువ చెబితే ఆ ధరకే విడిపిస్తారేమోనన్న భయం తనఖాదారుకు ఉండాలని 1920లోనే ఆలోచించారు. ఆ భయం ఇప్పుడు లేదు. విడిపించడానికి రిసీవరు దగ్గర చేతిలో డబ్బు ఉండదు. నోట్లవాళ్లు తలా కొంత వేసుకుని ముందుకు రారు. ఎవరికి వారు తన వకీలుతో తన నోటు నిజమేనని రుజువు చేసుకోవడంలోనే అలసిపోతారు. బ్యాంకు ఏమంటుందంటే, రిజిస్టరైన తనఖా ఈసీలో (ఆస్తి మీద ఉన్న లావాదేవీల ధ్రువపత్రంలో) కనిపిస్తుంది, చూడకుండా నోటు రాయించుకున్నది మీరే, వేలంలో ఆస్తి ఎప్పుడూ మార్కెట్ ధర పలకదు అని. ఆ మాటలో న్యాయం లేదని కాదు. కానీ సర్ఫేసీ వేలంలో బాకీ పోగా మిగిలిన సొమ్ము దానికి హక్కున్నవాడికి ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 13లో ఉంది. ఐపీ పడ్డాక ఆ హక్కుదారు రిసీవరే. ఆ మిగులు లెక్క అడిగి రాబట్టాల్సిందీ ఆయనే.

తనఖాదారంటే ప్రతిసారీ బ్యాంకే కానక్కర్లేదు. ఐపీకి నెల ముందు బావమరిదికి పాత బాకీ కింద మిద్దె తనఖా రాసిచ్చే ఘనులూ ఉంటారు. ఒక రుణదాతకు మిగతావాళ్ల కంటే మేలు చేయాలనే పిటిషనుకు ముందు మూడు నెలల్లో రాసిచ్చినదైతే సెక్షన్ 54 కింద రద్దు చేయించవచ్చు. నోట్లవాళ్లు బ్యాంకు మీద చూపే కోపంలో సగం ఇటు తిప్పినా ఫలితం ఎక్కువ.

1920 చట్టంలో రాజీ ప్రణాళికకూ దారి ఉంది. సెక్షన్ 38 కింద అప్పులవాడు రూపాయికి ఇన్ని అణాలు ఇస్తానని ముందుకొస్తే, రుజువైన బాకీలున్నవాళ్లలో సంఖ్యలో ఎక్కువమంది, విలువలో నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి, కోర్టు ఆమోదించాలి. అప్పులవాడి నడత బాగాలేదని తేలితే తనఖా లేని బాకీలకు కనీసం రూపాయికి ఆరణాల గ్యారంటీ లేకుండా ఆ ప్రతిపాదన ఒప్పుకోకూడదు. ఆ ఆరణాల హామీ ఎవరి కోసమో చూడండి. తనఖా ఉన్నవాడు బయటే నిలబడతాడని చట్టం ముందే అనుకుని, లోపల ఉన్నవాళ్ల కోసం ఆ అడ్డుకట్ట పెట్టింది.

2016 నాటి దివాలా స్మృతి ఈ బయటి మనిషిని లోపలికి పిలిచింది. దాని సెక్షన్ 110 ప్రకారం తనఖాదారు చెల్లింపు ప్రణాళిక మీద ఓటు వేస్తే, ఆ ప్రణాళిక నడిచినంత కాలం తనఖా అమలు చేసే హక్కు వదులుకున్నట్టే. హక్కు ఉంచుకోవాలంటే, తన ఓటు తనఖా లేని భాగానికేనని, ఆ భాగం ఎంతో అఫిడవిట్‌లో చెప్పాలి. అప్పుడు రెండు భాగాలూ రెండు వేర్వేరు బాకీలు. ఓటింగులో పాల్గొనని తనఖాదారు హక్కును ప్రణాళిక తాకాలంటే అతని సమ్మతి కావాలి. అంటే విలువ కాగితం మళ్లీ తనఖాదారు చేతికే వచ్చింది, ఈసారి ఓటు బరువు కూడా దాన్నిబట్టే.

ఈ కొత్త తలుపు ఐపీ పెట్టే మనిషికి తెరవలేదు. 2019 నవంబరు 15న వచ్చిన నోటిఫికేషనుతో, డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకు మాత్రమే స్మృతిలోని వ్యక్తుల దివాలా భాగం అమల్లోకి వచ్చింది. పాత చట్టాన్ని రద్దు చేసే సెక్షన్ 243 మాటెత్తలేదు. చిత్రమేంటంటే అదే నవంబరు 15న ఎస్సార్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు, తనఖా ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ కంపెనీ ప్రణాళికలో ఒకేలా చూడనక్కర్లేదని తేల్చింది. హామీదారులకు మాత్రమే అమలు చేయడం చెల్లుతుందని 2021 మే 21న లలిత్ కుమార్ జైన్ కేసులో, పిటిషను పడగానే వచ్చే మధ్యంతర మారటోరియం (బాకీ వసూలు చర్యలకు తాత్కాలిక నిలుపుదల) చెల్లుతుందని 2023 నవంబరు 9న దిలీప్ జివరాజ్కా కేసులో అదే కోర్టు చెప్పింది.

ఆదోని జిన్నింగు మిల్లు దగ్గర దీన్ని చూస్తే తేడా అర్థమవుతుంది. మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ అయి, యజమాని బ్యాంకుకు హామీ సంతకం పెట్టి ఉంటే, 2025 నాటికి ఉన్న నియమం ప్రకారం అతను కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోగానే ఆ బాకీ కోసం అతని మీద చర్యలన్నీ ఆగేవి, అతని ఆస్తి మీద బ్యాంకు వేలం సహా. పక్కనే అదే మిల్లు సొంత పేరున, లేదా భాగస్వామ్యంలో నడుపుతున్నవాడు సివిల్ కోర్టులో ఐపీ పెడితే బ్యాంకు వేలం ఒక్కరోజు కూడా ఆగదు. ఈ మారటోరియాన్ని వేలం ఆపడానికే వాడుకుంటున్నారని బ్యాంకులు గట్టిగా అన్నాయి. హామీదారులకు ఆ మధ్యంతర రక్షణ తీసేయాలని 2025 ఆగస్టులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు ప్రతిపాదించింది. బ్యాంకు ఫిర్యాదు పార్లమెంటు దాకా పోయింది. నోట్లవాళ్ల ఫిర్యాదు ఇంకా జిల్లా కోర్టు వరండా దాటలేదు.