చేతిలో డబ్బు లేదంటే సరిపోదు: స్పెషల్ బెనిఫిట్ అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియాకు వచ్చిన కుటుంబాలకు సెంటర్‌లింక్ (ప్రభుత్వ ఆర్థిక సాయాలు చూసే సంస్థ) దరఖాస్తుల్లో సాయం చేయడం నా పని. స్పెషల్ బెనిఫిట్ పేరెత్తితే కొందరు "అది శరణార్థులకు కదండీ" అంటారు. ఇంకొందరు "ఇంత కష్టంలో ఉన్నాం, ఎందుకివ్వరు?" అంటారు. రెండూ సరికావు. ఏజ్ పెన్షన్ (వృద్ధాప్య పింఛను), జాబ్‌సీకర్ (నిరుద్యోగ భృతి), పేరెంటింగ్ పేమెంట్ (పిల్లల్ని పెంచేవాళ్లకిచ్చే సాయం) లాంటివేవీ రానివాళ్ల కోసం 1991 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టంలో ఉంచిన ఆఖరి తలుపు ఇది. అధికారుల విచక్షణతో ఇచ్చేది కాబట్టి ఎవరికీ ముందే హామీ ఇవ్వలేం.

అపోహ: తెచ్చుకున్న డబ్బు అయిపోతే ఇస్తారు.

నా దగ్గరికొచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. కష్టం ఎంత పెద్దదో చెప్పడానికే అందరూ తాపత్రయపడతారు. అవతలివాళ్లు అడిగేది వేరు: ఆ కష్టం ఎందుకొచ్చింది, ఎప్పుడొచ్చింది?

కొత్తగా వచ్చినవాళ్లకు 4 ఏళ్లు, అంటే 208 వారాలు, నిరీక్షణ కాలం ఉంది. ఇక్కడ ఉన్న రోజులే లెక్క. మధ్యలో ఇండియా వెళ్లి ఆర్నెల్లు ఉంటే ఆ ఆర్నెల్లు కలవవు. ఈ కాలం పూర్తికాకముందే స్పెషల్ బెనిఫిట్ రావాలంటే, ఇక్కడికి వచ్చాక మీ చేతుల్లో లేని పెద్ద మార్పేదో జరిగి ఉండాలి. సంపాదించే మనిషి చనిపోవడం, దీర్ఘకాలం మంచాన పడటం, ఇంట్లో హింస లాంటివి ఆ కోవలోకి వస్తాయి. ఉద్యోగం దొరకలేదు, దాచిన డబ్బు కరిగిపోయింది అన్నవి మాత్రమే అయితే రావు. వినడానికి కర్కశంగానే ఉంటుంది, నాకూ చెప్పడానికి నోరు రాదు. కానీ నిబంధన అదే.

అందుకే మొదటిరోజే ఒక తెల్లకాగితం ఇచ్చి తేదీలు రాయమంటాను. ఏ రోజు దిగారు, ఏ రోజు ఆస్పత్రిలో చేరారు, జీతం ఎప్పుడు ఆగింది. విమానం ఎక్కేముందే బయటపడిన జబ్బుకీ, దిగాక వచ్చిన జబ్బుకీ కాగితం మీద చాలా తేడా ఉంటుంది.

అపోహ: నా వీసా భర్త వల్ల వచ్చింది, ఇల్లు వదిలితే నాకేమీ ఉండదు.

309, 820 తాత్కాలిక పార్ట్‌నర్ వీసాల మీద ఉన్నవాళ్లు స్పెషల్ బెనిఫిట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. హింస వల్ల బయటికొస్తే నిరీక్షణ కాలం నుంచి మినహాయింపు అడగవచ్చు. పోలీసు ఫిర్యాదు లేదని వెనక్కి తగ్గకండి. డాక్టరు రాసింది, షెల్టర్ వాళ్ల ఉత్తరం కూడా పనికొస్తాయి. సెంటర్‌లింక్‌లోనే సోషల్ వర్కర్లు ఉంటారు, వాళ్లతో మాట్లాడతానని అడగండి. క్రైసిస్ పేమెంట్ అని అత్యవసర సాయం ఇంకొకటి ఉంది. దానికి మాత్రం సంఘటన జరిగిన 7 రోజుల్లోపే అడగాలి, "నెల చూసి అడుగుదాంలే" అనుకుంటే పోతుంది. వీసా సంగతి వేరే శాఖది, దానికి ఇమిగ్రేషన్ లాయర్‌ని విడిగా కలవండి.

స్టూడెంట్ వీసా, విజిటర్ వీసా, ఉద్యోగ స్పాన్సర్ వీసాల మీద ఉన్నవాళ్లకు ఈ తలుపు తెరుచుకోదు.

అపోహ: అమ్మానాన్నలకు 143 వచ్చేసింది, ఇక ప్రభుత్వమే చూసుకుంటుంది.

143 అంటే కాంట్రిబ్యూటరీ పేరెంట్ వీసా. దానికి అస్యూరెన్స్ ఆఫ్ సపోర్ట్ (వాళ్ల పోషణకు పూచీ పత్రం) మీద ఎవరో ఒకరు సంతకం పెట్టే ఉంటారు. సాధారణంగా కొడుకో కూతురో. ఆ పూచీ గడువు 10 ఏళ్లు. ఆ పదేళ్లలో అమ్మానాన్నలకు స్పెషల్ బెనిఫిట్ ఇస్తే, ఆ మొత్తం సంతకం పెట్టినవాళ్ల మీద అప్పుగా పడుతుంది. పది ఫారాల మధ్య ఇదీ ఒక ఫారమనుకుని సంతకం చేసినవాళ్లు ఎంతమందో! ఏజ్ పెన్షన్‌కి కూడా మామూలుగా 10 ఏళ్ల నివాసం కావాలి. ఇంట్లో పెద్దవాళ్లను కొడుతున్నారు, గెంటేశారు అంటే మాత్రం, అబ్బాయికి అప్పు పడుతుందని నోరు మూసుకోవద్దు. జరిగింది జరిగినట్టు చెప్పండి.

అపోహ: ఇండియాలో ఉన్న ఎఫ్‌డీ ఎవరికి తెలుస్తుంది?

చెప్పాల్సిందే. 13 వారాలకు మించి సాయం కావాలంటే చేతికందే నిధులు 5,000 డాలర్లు దాటకూడదు. తక్కువ కాలానికైతే పరిమితి ఇంకా తక్కువ, సుమారు రెండు వారాల పేమెంట్ అంత. జాబ్‌సీకర్‌లో కొంత సంపాదన వరకు వదిలేస్తారు, ఇక్కడ అదీ లేదు. డాలరు వస్తే డాలరు కోత. అన్నయ్య ఇంట్లో ఉచితంగా ఉంటూ తింటుంటే ఆ సాయానికీ విలువ కట్టి తగ్గిస్తారు.

అపోహ: తీసుకుంటే సిటిజన్‌షిప్ ఆపేస్తారు.

ఆపరు.

అపోహ: ఒకసారి కాదన్నారంటే అయిపోయినట్టే.

నిర్ణయం అందిన 13 వారాల్లోపు సెంటర్‌లింక్‌నే రివ్యూ అడగండి. అప్పుడు గెలిస్తే మొదటి నుంచీ రావాల్సిన డబ్బు కలిపి వచ్చే అవకాశం ఉంటుంది. ఆ పైన అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్ ఉంది, 2024 అక్టోబర్‌లో పాత అప్పీళ్ల ట్రిబ్యునల్ (ఏఏటీ) స్థానంలో వచ్చింది. సెంటర్‌లింక్ కేసులకు అక్కడ ఫీజు లేదు.

ఇంగ్లిష్ తడబడుతుందనుకుంటే 131 202కి ఫోన్ చేసి తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఖర్చేమీ లేదు. దుబాసీగా భర్తనో, సంతకం పెట్టిన కొడుకునో కూర్చోబెట్టకండి. నా ముందే ఒకామె నిమిషం మాట్లాడింది, పక్కనున్న మరిది దాన్ని "ఏం లేదండీ, చిన్న గొడవ" అని ముగించాడు.